బీరువాలో పుస్తకాలు ఇంటికెప్పుడొస్తాయి?

సంపాదకులకు నమస్కారం.

మూడో తరగతి పిల్లలు రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారని ఏదో ఒక సర్వే వచ్చినప్పుడల్లా పేపర్లలో వార్త వస్తుంది. రెండు రోజులు టీచర్లను తిడతాం, ఒకరోజు ఫోన్లను తిడతాం, ఆ తర్వాత అందరం మర్చిపోతాం. నేను టీచరును కాదు, ఆర్టీసీలో కండక్టర్ని. నా ఇద్దరు పిల్లలకు చదవడం ఎట్లా రాలేదో, ఎట్లా వచ్చిందో దగ్గరుండి చూశాను కాబట్టి రాస్తున్నాను. ఉత్తరం కొంచెం పొడుగైంది. మీరు ఎక్కడ కత్తిరించినా పర్వాలేదు, బీరువా సంగతి మాత్రం ఉంచండి.

మా పాప అప్పుడు రెండో తరగతి. ఆ రోజు నాకు ఆఫ్. సాయంత్రం గడప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, పక్కన చేరి తెలుగు వాచకం పైకి చదువుతోంది. ఎక్కడా ఆగడం లేదు. బడిలో అందరూ కలిసి చదివే రాగం ఉంటుంది చూడండి, అదే రాగం. నాకు లోపల మురిపెంగానే ఉంది. పేజీ చివరికొచ్చేసరికి వీధిలో మేకలు పోతున్నాయి, తల అటు తిప్పింది. పేజీ తిప్పలేదు. పాఠం మాత్రం ఆగలేదు. వెనక పేజీలో ఉన్న రెండు వాక్యాలు గడగడా చెప్పేసింది.

చిక్కుడుకాయ చేతిలో అట్లాగే ఉండిపోయింది. పుస్తకం తీసుకుని మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటని అడిగాను. నా వేలు చూడలేదు, పైనున్న బొమ్మ చూసింది. "కుందేలు" అంది. వేలు కింద ఉన్నది "గడ్డి". ఇంకోటి అడిగాను, మళ్లీ బొమ్మే చూసింది. గట్టిగా అడిగితే ఏడుపు మొహం పెట్టి, "మొదటినుంచి చెప్తే వస్తదమ్మా, నడుమ అడిగితే రాదు" అంది.

దానికి అందులో తప్పుందని కూడా తెలియదు. ప్రోగ్రెస్ కార్డు మీద రెండేళ్లుగా సంతకాలు పెడుతున్న నాకూ తెలియలేదు. డిగ్రీ చదివినదాన్ని, రెండుసార్లు గ్రూప్స్ రాసినదాన్ని. అసలు మాట చెప్పాలంటే గ్రూప్స్ కోసం తెలంగాణ చరిత్ర నేను చదివిందీ అట్లాగే. మొదటినుంచి చెప్తే వచ్చేది, నడుమ అడిగితే రాకపోయేది.

పెద్దోడి కథ వేరు. వాడు 2020 జూన్‌లో ఒకటో తరగతికి పోవాల్సినోడు. ఆ మార్చిలో మూసిన ప్రాథమిక బడులు మళ్లీ తెరిచింది 2021 సెప్టెంబరు 1న. టీవీలో సర్కారు చానెళ్లు టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చాయి గానీ అవి మూడో తరగతి నుంచి పైవాళ్లకు. అప్పుడు వాణ్ని ఒక ప్రైవేటు స్కూల్లో వేసి ఉన్నాం, పేరెందుకు గానీ ఫీజు కట్టించుకుని వాట్సాప్‌లో ఇంగ్లీషు రైమ్స్ పంపేవాళ్లు. వాడు రైమ్స్ నేర్చుకున్నాడు, అక్షరాలు నేర్చుకోలేదు. మూడో తరగతి చివర్లో గానీ కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టలేదు. వాడి విషయంలో కరోనా అని చెప్పుకున్నాను. పాప విషయంలో చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ అనే సర్వే చేస్తోంది. వాళ్లు ఇంటింటికీ తిరిగి పిల్లల చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో విడి అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. అంతకంటే బ్రహ్మవిద్య ఏం లేదు. అట్లాంటి కాగితమే పాత డైరీలోంచి ఒకటి చింపి నేనూ రాశాను. తెలిసిన పాఠంలోని మాటలు ఒక్కటీ లేకుండా చూసుకున్నాను. మా పాపకు అక్షరాలు వచ్చు, గుణింతాలు సగం వచ్చు, ఒత్తు కనిపిస్తే మాట మొత్తం ఆగిపోతుంది. వార్తల్లో శాతాలు చదివి బాధపడే తల్లిదండ్రులు ముందు ఈ కాగితం పని చేయాలి. పది నిమిషాలు పడుతుంది.

నాకు తోచిన వాచకం బస్సు బోర్డు. ఆదివారం డ్యూటీ ఉంటే మా మామయ్య పాపను వెంటబెట్టుకుని అన్నం గిన్నె ఇవ్వడానికి బస్టాండుకు వస్తారు. బస్సు కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడి బోర్డులు చదివించేదాన్ని. బోర్డు మీద బొమ్మ ఉండదు కదా, ఊహించడానికి ఏమీ దొరకదు. మునుగోడు, చండూరు, దేవరకొండ ముందు వచ్చాయి, వాటిలో ఒత్తు లేదు. తర్వాత అచ్చంపేట. తర్వాత నల్లగొండ, కొండమల్లేపల్లి. మిర్యాలగూడ దగ్గర వారం రోజులు ఆగింది. ఎందుకో నాకు అర్థం కాలేదు, బోర్డు ముందు నిలబడి నేనే చూశాను. అచ్చంపేటలో చ కింద వేలాడేది చ లాగే ఉంటుంది, పిల్లలు పోల్చుకుంటారు. మిర్యాలగూడలో ర పక్కన తోకలాగా ఉన్నది య అని ఏ పిల్ల పోల్చుకుంటుంది? త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే లేదు, వాటిని విడిగా కూర్చోబెట్టి నేర్పాల్సిందే. టీచర్లకు ఇది తెలిసే ఉంటుంది. నాకు మాత్రం ఈ వయసులో బస్టాండులో తెలిసింది. ఆ ఆరు ఒత్తులూ ఫ్రిజ్ తలుపు మీద రాసి అతికించాం. కల్వకుర్తి, నాగార్జునసాగర్ దాటి, చిట్టచివరికి దసరా ముందు "ఎక్స్‌ప్రెస్" చదివింది. ఆ రోజు మా డ్రైవరన్న దానికి బిస్కెట్ పుడా కొనిచ్చాడు.

ఇంక ఇంట్లో సంగతి. నాకు మొదటి ట్రిప్పు డ్యూటీ పడితే తెల్లవారుజామున నాలుగింటికి బయటపడాలి. మా ఆయన డీసీఎం నడుపుతారు, ఎప్పుడొస్తారో ఆయనకే తెలియదు. పిల్లల దగ్గర ఉండేది మా అత్తమ్మ. ఆమెకు చదువు రాదు, పింఛనుకు వేలిముద్ర వేస్తుంది. "తల్లిదండ్రులు ఇంట్లో చదివించాలి" అని మీటింగుల్లో చెప్తుంటే ఇట్లాంటి ఇళ్లు ఎవరికీ గుర్తుకు రావేమో అనిపించేది. ఇప్పుడు అనిపించడం లేదు. ఎందుకంటే మా పాపకు చదువు అబ్బింది ఎక్కువగా అత్తమ్మ దగ్గరే.

ఎట్లాగంటే, పాప రోజూ సాయంత్రం ఆమెకు ఒక కథ చదివి వినిపించాలి. ఆమె మంచం మీద కాళ్లు చాపుకుని ఊఁ కొడుతుంది. ఒకరోజు నేను డ్యూటీ దిగి వచ్చేసరికి నక్క కథ నడుస్తోంది. ఒత్తులు ఎక్కువున్న ఒక వాక్యాన్ని పాప మెల్లగా ఎగ్గొట్టి కింది వాక్యానికి దూకింది. అత్తమ్మ ఊఁ కొట్టలేదు.

"ఆగు బిడ్డా. నక్క చెట్టు కింద ఉండె గదా. బాయిల ఎట్ల వడ్డది?"

"పడ్డది నానమ్మా."

"ఎట్ల వడ్డది? ఎవరన్న నూకిన్రా? మల్ల సదువు."

పాప మళ్లీ పైకి పోయింది. "నక్క మె... మెల్ల... మెల్లగా..." అని ఒక్కో అక్షరం పట్టుకుని దిగింది. నక్క కాలు జారింది. అప్పుడు గానీ అత్తమ్మ ఊఁ కొట్టలేదు.

ఆమెకు అక్షరం తెలియదు, కథ ఎక్కడ తెగిందో తెలుస్తుంది. నేనైతే "అది మెల్లగా" అని అందించేసి ముందుకు పోనిచ్చేదాన్ని. ఆమెకు అందించడానికి లేదు, కాబట్టి పాపే చదవాలి. వినేవాళ్లకు నిజంగా తెలియనప్పుడు చదివేవాళ్లకు గౌరవం కూడా వస్తుంది. బడిలో టీచరు అడిగితే అది పరీక్ష, నానమ్మ అడిగితే అవసరం.

మా రూటులో తండాల పిల్లలు ఎక్కువగా ఎక్కుతారు. వాళ్లింట్లో లంబాడీ మాట. అమ్మను యాడి అంటారు, నీళ్లను పాణి అంటారు. బడికి పోతే పుస్తకంలో తెలుగు. ఇప్పుడు సర్కారు బడుల్లో కూడా ఇంగ్లీషు మీడియం వచ్చింది కాబట్టి లెక్కల పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు. మూడు భాషల నడుమ ఆరేళ్ల పిల్ల. చందంపేట పక్క నుంచి వచ్చే ఒక పిల్ల వాళ్ల అమ్మ పక్కన కూర్చుని, బడిలో విన్న కథను లంబాడీలో చెప్తుంటే టికెట్లు కొట్టుకుంటూ విన్నాను. నాకు సగమే అర్థమైంది, ఆ తల్లి మాత్రం పగలబడి నవ్వింది. ఆ పిల్ల చేతిలో ఆ పుస్తకం ఉంటే, బొమ్మలు చూపిస్తూ ఒక్కో వాక్యం చదివి తన మాటలో చెప్పేది కదా అనుకున్నాను. ఆ తల్లికి తెలుగు చదవడం రాకపోయినా నష్టం లేదు. పుస్తకం లేకపోవడమే నష్టం.

ఫోన్ల గురించి కూడా చెప్పాలి, నేను ఫోన్‌కు శత్రువును కాదు. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేస్తే దీక్ష పోర్టల్‌లో వీడియో వస్తుంది. మంచిదే. కానీ మా ఇంట్లో స్మార్ట్ ఫోన్ నాతో పాటు డ్యూటీకి వస్తుంది. పొద్దంతా ఇంట్లో ఉండేది మామయ్య బటన్ల ఫోను. చాలా ఇళ్లల్లో ఇదే పరిస్థితి, పిల్లలకు సమయం ఉన్నప్పుడు ఫోన్ ఉండదు. ఫోన్ వచ్చేసరికి రాత్రి తొమ్మిది, అప్పుడు వాళ్లకు కావాల్సింది పాఠం కాదు, రీల్స్.

పెద్దోడి కోసం అప్పట్లో గూగుల్ వాళ్ల యాప్ ఒకటి వాడాం. 2019లో బోలో పేరుతో వచ్చి తర్వాత రీడ్ అలాంగ్ అయింది. పిల్లలు పైకి చదువుతుంటే వింటుంది, సరిగ్గా చదివితే చుక్కలిస్తుంది. వాడికి కొంత పనికొచ్చింది, నిజం. సిగ్గుపడే పిల్లలకు అది బాగుంటుంది, తప్పు చదివినా ఎవరూ నవ్వరు. కానీ కొన్నాళ్లకు వాడు చుక్కల కోసం తెలిసిన కథనే మళ్లీ మళ్లీ చదవడం మొదలుపెట్టాడు. మొదటినుంచి చెప్తే వస్తది, నడుమ అడిగితే రాదు. నక్క బాయిల ఎట్ల పడిందని ఆ యాప్ ఒక్కసారి కూడా అడగలేదు.

నాకు బాగా అక్కరకొచ్చింది ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్. 2015 నుంచి ఉంది, పైసా కట్టక్కర్లేదు, తెలుగులో కథలు బోలెడు. మొదటి స్థాయిలో పేజీకి ఒకటి రెండు వాక్యాలే, స్థాయి పెరిగే కొద్దీ కథ పెరుగుతుంది. డౌన్‌లోడ్ చేసుకుని అచ్చు వేసుకోవడానికి వాళ్లే అనుమతి ఇచ్చారు. నేను చేసిందల్లా బస్టాండు పక్కన జిరాక్స్ షాపులో నలుపు తెలుపులో తీయించి, నడుమ మడిచి, సూది దారంతో కుట్టడం. ఒక్కో పుస్తకం చాయ్, సమోసా ఖర్చులో అయిపోయింది. రంగులు పాప వేసుకుంది. అత్తమ్మ విన్న నక్క కథ అట్లా కుట్టిన దాంట్లోదే. ఫోన్‌తో చేయాల్సిన పని ఇదీ అని నా అభిప్రాయం. కథను ఫోన్‌లోంచి కాగితం మీదికి దింపి, ఫోన్ పక్కన పెట్టేయాలి.

ఇప్పుడు బీరువా సంగతి.

పాప చదివే సర్కారు బడిలో ఆఫీసు రూములో ఒక ఇనుప బీరువా ఉంది. పైన ముందటి ఏడాది అటెండెన్స్ రిజిస్టర్లు, లోపల పిల్లల కథల పుస్తకాలు. ఒకసారి ఎవరో ఆఫీసర్లు వస్తున్నారని వాటిని బయటికి తీసి, వరండాలో తాడు కట్టి, బట్టలు ఆరేసినట్టు వేలాడదీశారు. ఆ రోజు పేరెంట్స్ మీటింగుకు నేనూ పోయాను. ఒక పుస్తకం విప్పబోతే పేజీలు ఒకదానికొకటి అతుక్కుని చిటచిటమన్నాయి. అచ్చు వాసన ఇంకా పోలేదు. అంటే ఒక్కరూ విప్పలేదు. సాయంత్రానికి ఫొటోలు అయిపోయాయి, పుస్తకాలు లోపలికి పోయాయి. "అమ్మా, పులి పుస్తకం ఇంటికియ్యరా?" అని పాప దారంతా అడిగింది.

మరుసటి వారం పోయి మేడంను అడిగాను. ఆమె మంచి మనిషే, ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లు, పాపం ఊపిరాడదు. "ఇస్తే చింపుతారమ్మా, కొన్ని తిరిగి రావు. రేపు చార్జి అప్పగించేటప్పుడు లెక్క నేను చెప్పాలి" అంది. నాకు కోపం రాలేదు. లెక్కలో తేడా వస్తే మన జేబులోంచి కట్టాల్సి వస్తుందన్న భయం ఎట్లా ఉంటుందో కండక్టర్‌కు ఒకరు చెప్పాలా? ఆమె స్థానంలో నేనున్నా తాళం వేసేదాన్నేమో.

అందుకే నా విన్నపం ఆమెకు కాదు, ఆమె పైవాళ్లకు. 2021 జూలైలో కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టి, 2026-27 నాటికి మూడో తరగతి దాటే ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలంది. 2022లో మన రాష్ట్రం చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం తెచ్చింది. బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద ప్రాథమిక బడికి లైబ్రరీ పుస్తకాలకు ఏటా 5,000 రూపాయల దాకా ఇచ్చే వీలు కూడా పెట్టారు. ఇంత చేసినవాళ్లు ఇంకొక్క కాగితం ఇవ్వాలి. ఏటా ఇన్ని పుస్తకాలు చిరిగినా, పోయినా టీచరును అడగబోమని, వాటిని లెక్కలోంచి కొట్టేయొచ్చని రాతపూర్వకంగా చెప్పాలి. చిరిగిన పుస్తకం అంటే ఎవరో చదివిన పుస్తకమని ఆడిట్ వాళ్లకు అర్థమయ్యే భాషలో రాయాలి.

టీచర్లకు ఇంకో రిజిస్టరు పెట్టమని నేననను. ఇప్పటికే వాళ్లకు ఉన్న రిజిస్టర్లు చాలు. 2024లో ప్రతి బడికీ మహిళా సంఘాల వాళ్లతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు కదా. బడి మరమ్మతులు చూసుకున్న అమ్మలు పుస్తకాల పంపకం చూసుకోలేరా? శనివారం మధ్యాహ్నం ఒక గంట చాలు. పిల్ల పేరు, పుస్తకం పేరు, తెచ్చిన రోజు. నాలుగో గడి ఒకటి నేను కోరుతున్నాను: ఎవరికి చదివి వినిపించింది? నానమ్మకా, తాతకా, తమ్ముడికా, పక్కింటి అవ్వకా? ఆ పేరు పిల్లే రాయాలి. సంతకం అక్కర్లేదు, వేలిముద్రా అక్కర్లేదు.

గ్రంథాలయాల గురించి రెండు ముక్కలు. ఇంటి పన్నుతో పాటు మనం నూటికి 8 రూపాయల లెక్కన గ్రంథాలయ పన్ను కడుతున్నాం, చాలామందికి ఆ సంగతే తెలియదు, నేనూ రశీదు సరిగ్గా చూసింది ఈమధ్యే. ఒకరోజు పాపను గ్రంథాలయానికి తీసుకుపోయాను. కుర్చీల నిండా పోటీ పరీక్షలకు చదివే పిల్లలు, పాప గుసగుసగా చదవబోయినా ఒకాయన తలెత్తి చూశాడు. ఆయన తప్పు కాదు, ఒకప్పుడు ఆ కుర్చీలో నేనూ ఉన్నాను. కానీ కొత్తగా చదివే పిల్లలు నోరు తెరిచి చదవాలి, వాళ్లకు వేరే గదో, ఆదివారం ఒక గంటో కేటాయించాలి. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఉపన్యాసాలు తగ్గించి ఈ పని మొదలుపెట్టవచ్చు. గ్రూప్స్‌కు బట్టీ పట్టిన వాటిలో ఒకటి నాకు ఇంకా గుర్తుంది: నల్లగొండలో 1918లోనే ఆంధ్ర సరస్వతీ నిలయం అని గ్రంథాలయం పెట్టారు. దాంతో పేరు ముడిపడ్డ షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారే 1922లో ఇక్కడి నుంచి నీలగిరి పత్రిక నడిపారు. నిజాం రోజుల్లో, తెలుగు బడే దొరకని కాలంలో, చందాలు పోగేసి పుస్తకాలు జనం చేతికిచ్చిన ఊరిది. ఇప్పుడు పుస్తకాలు సర్కారే కొనిస్తోంది, తాళం చెవి దొరకడం లేదు.

పాప ఇప్పుడు మూడో తరగతి. రయ్యిమని చదవదు. కొత్త మాట వస్తే ఇంకా వేలు పెట్టుకుంటుంది, అయితే బొమ్మ వైపు చూడటం మానేసింది. జిరాక్స్ పుస్తకాలు పద్నాలుగు అయ్యాయి, పక్కింటి పిల్లలు కూడా తీసుకుపోతున్నారు. రెండు పోయాయి. నేనూ లెక్కలోంచి కొట్టేశాను.

చివరగా మీకే ఒక విన్నపం. ఆదివారం పిల్లల పేజీలో మీరు వేసే కథ అక్షరం మరీ సన్నగా ఉంటుంది, ఒత్తుల మీద ఒత్తులు. వారానికి ఒక్క కథ, ఎనిమిది పది వాక్యాలు, పెద్ద అక్షరాలతో, కత్తిరించి మడిస్తే పుస్తకమయ్యేటట్టు వేయండి. మా డిపోలో పాత పేపర్లతో డ్రైవరన్నలు బస్సు అద్దాలు తుడుస్తారు. ఆ పేజీ వాళ్ల చేతికి పోకముందే నేను తీసి పెట్టుకుంటాను, చందంపేట పక్క పోయే ట్రిప్పులో పిల్లలు ఎక్కినప్పుడు టికెట్‌తో పాటు ఇస్తాను.

ఇట్లు
మీ పాఠకురాలు,
ఒక ఆర్టీసీ కండక్టర్, నల్లగొండ జిల్లా
(పిల్లల బడి తెలిసిపోతుంది కాబట్టి పేరు వేయవద్దని మనవి)